ఐసీయూలో మేసిన ఆవులు

ఆ పొద్దున డాక్టర్ సుభాషిణి ప్లాను చాలా చిన్నది. ఊపిరితిత్తుల జబ్బుతో పన్నెండు రోజులుగా వరంగల్ ఐసీయూలో ఉన్న పరకాల రైతు సారంగపాణిని సాయంత్రానికల్లా వార్డుకు మార్చాలి. దానికి ఆయన లేచి కూర్చోవాలి, గట్టిగా దగ్గి కఫం బయటికి తేవాలి. లేకపోతే మళ్లీ గొంతులో గొట్టం తప్పదు. ఆయనేమో గోడ వైపు తిరిగి పడుకుని, ఎవరితోనూ పలకడం మానేశాడు.

అందుకే కొత్తగా కొన్న వీఆర్ కళ్లద్దాలు తెప్పించింది. పెట్టుకుంటే చుట్టూ వేరే లోకం కనిపించి, రోగి మనసు కుదుటపడుతుంది. రైతు కదా అని ఏరికోరి పచ్చటి మైదానం, అందులో నింపాదిగా మేసే నాలుగు ఆవులను పెట్టింది. పట్నంలో పుట్టిన మనిషి, పాపం! పచ్చగా ఉన్నచోట ఆవు కనిపిస్తే రైతుకు ప్రశాంతత ఉండదని ఆమెకెవరూ చెప్పలేదు. కళ్లద్దాలు పెట్టిన నిమిషానికే సారంగపాణి కేకలందుకున్నాడు.

"హేయ్! హేయ్! పొలంల ఆవులు పడ్డయ్! వరి మొత్తం మేత్తానయ్!"

తలుపవతల కూర్చున్న భార్య మొగిలమ్మ ఇన్నాళ్లకు భర్త గొంతు విని ఏడ్చింది. ఆ గొంతు ఏమంటోందో అర్థమయ్యాక ఫోన్ తీసింది.

"తమ్మీ మహిపాల్, మన పొలంల ఆవులు పడ్డయట, జల్ది ఉర్కు!"

"ఎవరు చెప్పిన్రక్కా?"

"మీ బావనే చూసిండు!"

మహిపాల్ వెళ్లేసరికి పొలంలో ఒక్క ఆవూ లేదు. మేసి పోయాయనుకున్నాడు. గట్టు పక్క ఓంప్రకాశ్‌తో పదేళ్లుగా ఇదే తగాదా కనుక ఇంకో ఆలోచన రాలేదు. అతని కొట్టంలో కట్టేసి ఉన్న ఆవులను విప్పి, పంచాయతీ బందెలదొడ్డికి తోలేశాడు. అవీ సరిగ్గా నాలుగే.

పదకొండున్నరకు ఓంప్రకాశ్ సిస్టర్‌ను తప్పించుకుని ఐసీయూలోకి వచ్చేశాడు.

"మంచంల పడ్డవని ఊకున్న, పాణన్నా! కట్టేసిన ఆవులు నీ పొలం ఎట్ల మేసినయే?"

సారంగపాణి కళ్లద్దాలు పీకేసి లేచి కూర్చున్నాడు. "నా కండ్లతోటి చూసిన! నాలుగు!"

"ఈడ పండుకొని చూసినవా?"

"ఏడ పండుకుంటే ఏంది? నా పొలం నాకు కనబడదా?"

మాటకు మాట పెరిగింది. మధ్యలో సారంగపాణికి దగ్గొచ్చింది. ఎంత గట్టిగా దగ్గాడంటే, పన్నెండు రోజుల కఫం ఒక్క దెబ్బకు బయటపడింది. ఓంప్రకాశ్ హడలిపోయి, తిట్టు సగంలో ఆపి వీపు నిమిరాడు.

"జర నిమ్మలంగ తిట్టన్నా. నేనేడికి పోత?"

సుభాషిణి పరుగున వచ్చి మానిటర్ చూసింది. ఆక్సిజన్ తొంభై ఆరు. ఆ ఆవులు ఎక్కడివో ఆమె చెప్పేసరికి మొగిలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తమ్ముడికి ఫోన్ కలిపింది. ఐసీయూలోకి చొరబడ్డందుకు ఓంప్రకాశ్ తప్పైపోయిందంటూ బయటికి కదలబోతే డాక్టరమ్మ ఆగమంది. వార్డుకు మార్చే కాగితం మీద సంతకం చేసి, మందుల చీటీలో చివరి వరుస రాసింది:

"ఓంప్రకాశ్ - రోజుకు రెండు పూటలు, భోజనానికి ముందు."