ఆరుసార్లు, లీకేజీ నిల్

రిజిస్టర్లో ఎక్కనిది ఈ దేశంలో జరగనట్టే. ఎక్కింది జరక్కపోయినా జరిగినట్టే. ఈ సూత్రం నుంచి మూత్రానికి కూడా మినహాయింపు లేదు. (ఉంటుందని ఆశపడిన అమాయకులు ఎవరైనా ఉంటే వాళ్లు ఏ సర్కారు సెంటరులోనూ పనిచేసి ఎరగరు.)

సీతారామపురం దగ్గర ఒక అంగన్‌వాడీలో టీచరు మస్తానమ్మకు నాలుగేళ్లుగా ఒక జబ్బు. ఒంటికి వచ్చిందంటే ఇక ఆగదు. తలుపు గడియ వేసుకునేలోపే సగం అయిపోతుంది. నెలనెలా మీటింగుకు ఉదయగిరి మీదుగా ఆత్మకూరు పోవాలి. ముందురోజు సాయంత్రం నుంచే గుక్కెడు నీళ్లు తాగదు. ఎండిన నాలుకతో, గతుకు వచ్చినప్పుడల్లా ఏసుప్రభువును తల్చుకుంటూ బస్సులో కూర్చుంటుంది.

మీటింగు మూడున్నర గంటలు. ఈ మధ్యే పైఆఫీసు 'సభాస్థల నిలకడ నియమావళి' తెచ్చింది. ఒకసారి లేస్తే హెచ్చరిక, రెండోసారి లేస్తే మెమో, మూడు మెమోలైతే ఇంటికే. అమలు చేయడానికి జనార్దనయ్యను నిలకడ అధికారిగా వేశారు. ఆయన తలుపు పక్కనే కుర్చీ వేసుకుంటాడు. (తను మాత్రం మధ్యలో రెండుసార్లు పోయొస్తాడు. అది తనిఖీ కిందికి వస్తుంది.) మస్తానమ్మకు అప్పటికే రెండు మెమోలు.

భయపడి ఆత్మకూరులో డాక్టరు మధులతకు చూపించుకుంది.

"మూత్రసంచి తొందరపడతా ఉండాదమ్మా, అంతే. దానికి ఓపిక నేర్పిద్దాం. టీ తగ్గించండి, కింది కండరాలు బిగబట్టే వ్యాయామం చెప్తాను, టైము కొంచెం కొంచెం పెంచుకుందాం. కావాలంటే మాత్రలున్నాయి. ముందు మూడు రోజులు ఎన్నిసార్లు పోతున్నారో ఈ చార్టులో రాసుకురండి."

గళ్లు చూడగానే మస్తానమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇరవై ఆరేళ్లుగా గళ్లు నింపిన చెయ్యి అది. మూడు రోజులు ఆ కాగితం జోలికే పోలేదు. నాలుగో రోజు పొద్దున ఆయా వరదమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, రెండు రంగుల పెన్నులతో అంతా ముగించింది.

"దినానికి పదిహేడుసార్లు పోతావు గదా టీచరమ్మా?"

"పదిహేడు రాస్తే డాక్టరమ్మ ఏమనుకుంటాది? మన సెంటరు పరువేం గావాల? ఆరు ఏస్తాను."

"లీకేజీ?"

"నిల్."

కింద మొత్తం వేసి, సెంటరు ముద్ర కొట్టి, అలవాటు కొద్దీ ఒక జిరాక్సు పైఆఫీసుకు పంపింది.

"మీకే జబ్బూ లేదు. నాకన్నా బాగుండారు" అంటూ డాక్టరు చార్టు మీంచి తలెత్తేసరికి ఎదురు కుర్చీ ఖాళీ. మస్తానమ్మ బాత్రూంలో ఉంది. తిరిగొచ్చాక డాక్టరు ఇంకో చార్టు చేతిలో పెట్టి, ఈసారి నిజం రాయమంది.

"నిజం రాస్తే మెమో ఇయ్యరు గదా మేడం?"

ఇయ్యరని మాటిచ్చాక రాసింది. కొట్టివేతలు, తడి మరకలు, పదిహేడు, పందొమ్మిది, పదహారు. ఆ నిజం మీదే వైద్యం నడిచింది. మీటింగులకు సెలవు పెడుతూ మూడు నెలలకు గంటన్నర ఆపుకోగలిగింది. ఒకనాడు ఉదయగిరి బస్టాండులో నిలబడి, నాలుగేళ్ల తర్వాత ఒక గ్లాసు చెరుకురసం తాగింది. పక్కనున్న వరదమ్మ చూస్తుండగానే ఏడ్చేసింది కూడా.

కానీ మీటింగు మూడున్నర గంటలు. గంటన్నరకోసారి చొప్పున రెండుసార్లు లేచింది. మూడో మెమో వచ్చింది. సంజాయిషీకి రెండో చార్టు జతచేసింది. జనార్దనయ్య ఫైలు తెరిస్తే అందులో మొదటి చార్టు జిరాక్సు ఉంది.

"రెండూ నీ చేతిరాతే. ఏది నిజం?"

"రెండోది సార్. మొదటిది మీకు పంపే లెక్కల మాదిరి రాసినాను."

ఇంత చక్కటి జవాబుకు ఆ ఆఫీసులో ఒక్కరికీ సిగ్గు వేయలేదంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. విచారణ మాత్రం పద్ధతిగా జరిగింది. కొట్టివేతలు లేవు, ముద్ర ఉంది, మొత్తం సరిపోయింది కనుక మొదటి చార్టే అసలైనదని తేల్చారు. మస్తానమ్మ సంపూర్ణ ఆరోగ్యవంతురాలని రాతపూర్వకంగా అభినందించి, ఉద్యోగంలోంచి తీసేశారు.