పదిహేడో ప్రాంతం ఆరోగ్యంగా ఉంది

వాతావరణం వల్ల ప్రజలకూ పశువులకూ కలిగే ముప్పులను కనిపెట్టే మా కేంద్రం మిక్కిలి సంతోషంతో తెలియజేయునది ఏమనగా, ఈ వర్షాకాలంలో పదిహేడో ప్రాంతం వరుసగా ఆరు వారాల పాటు ఒక్క జ్వరం గానీ, ఒక్క పశువ్యాధి గానీ, చివరికి ఒక్క తేలుకాటు గానీ లేకుండా గడిపి, ఇరవై రెండు ప్రాంతాల్లోనూ ప్రథమ స్థానంలో నిలిచింది. వరదనీళ్లు నడుము లోతున పన్నెండు రోజులు నిలిచిన చోట ఇది ఎలా సాధ్యమని కొందరు గిట్టనివాళ్లు అడిగారు. ఎలా సాధ్యమైందో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. చేసింది నేనే.

నా ఉద్యోగం ఈ ఇరవై రెండు ప్రాంతాల పటానికి రంగులు వేయడం. చిన్నప్పుడు నేను గీత దాటకుండా బొమ్మలకు రంగులు వేస్తానని మా అక్క ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించేది. పెద్దయ్యాక అదే పనికి జీతం కూడా ఇస్తున్నారని ఆమెకు గర్వం. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా పటం పై అధికారులకు చేరాలి. ఆకుపచ్చ అంటే క్షేమం. పసుపు అంటే జాగ్రత్త. ఎరుపు అంటే డైరెక్టర్ గారికి తలనొప్పి. ఆయన తలనొప్పి నాకు రావడానికి మహా అయితే పావుగంట పడుతుంది.

మా భవనంలో పై అంతస్తు మనుషుల విభాగానిది, కింది అంతస్తు పశువుల విభాగానిది. పైన డాక్టరమ్మగారికీ కింద పశువుల డాక్టరుగారికీ మూడేళ్ల కిందట నీళ్ల మోటారు ఎవరు వేయాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. అప్పటి నుంచి పశువుల రోగాలు మెట్లెక్కవు, మనుషుల రోగాలు మెట్లు దిగవు. ఇక వేడినీ తేమనూ కొలవడానికి విదేశాల నుంచి ఓ ఖరీదైన పరికరం తెప్పించారు. దాన్ని వేడికీ తేమకూ దూరంగా ఉంచవలెనని పెట్టె మీద రాసి ఉండటంతో డైరెక్టర్ గారి ఏసీ గదిలో బిగించాం. మొన్నటి ఎండాకాలమంతా మా రికార్డులో ఇరవై నాలుగు డిగ్రీలు దాటలేదు. వడదెబ్బ మరణాలని ఏడు కాగితాలు వచ్చాయి గానీ, ఇరవై నాలుగు డిగ్రీల్లో వడదెబ్బ శాస్త్రసమ్మతం కాదని వివరిస్తూ మర్యాదగా తిప్పి పంపాం. ఆ వివరణ కూడా నేనే రాశాను. భాష బాగుందని మెచ్చుకున్నారు.

అయితే నాకు అసలైన పేరు తెచ్చింది సున్నా. ఒక్కో ప్రాంతానికి ఒక్కో క్షేత్ర సహాయకుడు ఉంటాడు. ఇంటింటికీ, కొట్టం కొట్టానికీ తిరిగి, ఎవరికి జ్వరం వచ్చింది, ఏ గేదె మేత మానేసింది అని కనుక్కుని నలభై ఒక్క గడుల ఫారం నింపి పంపాలి. కొన్ని వారాలు ఫారం రాదు. గడులు ఖాళీగా ఉంటే కంప్యూటరు మొరాయిస్తుంది, పటం బయటికి రాదు. ఒక శుక్రవారం మూడున్నరకు ఖాళీ గడులన్నిట్లో వరసగా సున్నాలు కొట్టాను. కంప్యూటరు కిక్కురుమనలేదు. పటం బయటికొచ్చింది. పైగా అంతకుముందెన్నడూ లేనంత కళగా వచ్చింది. డైరెక్టర్ గారు సమావేశం పెట్టి నా భుజం తట్టి, సమాచారం లేకపోయినా పని ఆగకూడదన్న దీక్ష ఈ తరంలో అరుదని ప్రశంసించారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. సిగ్గుతో కాదు, ఫొటోలో అలా వంచుకుంటే బాగుంటుందని.

మా అక్కను ఇచ్చింది పదిహేడో ప్రాంతంలోనే. బావ నాలుగు గేదెలు పెట్టుకుని పాలు పోస్తాడు. వరద తీసిన మూడు వారాలకు, సరిగ్గా నేను రంగులు వేస్తుండగా, అక్క ఫోన్ చేసింది.

“బావకి నిన్నట్నుంచి జ్వరం రా. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పిక్కలు ముట్టుకుంటే చాలు విలవిల్లాడిపోతున్నాడు. మన చూడి గేదె ఏడో నెలలోనే ఈసుకుపోయింది, కడుపు నిలవలేదు. పక్కింటివాళ్ల గేదె కూడా అంతే, దూడ చచ్చి పడింది. ఇంకోదాని పాలు ఎర్రజీరగా వస్తున్నాయి. ఏం జబ్బురా ఇది?”

నేను పటం దగ్గరికి జరిపి చూశాను. “అక్కా, మీ ప్రాంతం ఆకుపచ్చగా ఉంది. ఈ కాలంలో జ్వరాలు మామూలే. కంగారు పడకు.”

“ఆకుపచ్చని ఎవరు చెప్పారు?”

“మా పటం చెప్పింది.”

“మరి దానికెవరు చెప్పారు?”

పన్నెండేళ్ల సర్వీసులో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. “మీ సహాయకుడు ఉన్నాడు కదా, అన్నీ అతనే చూసుకుంటాడు,” అన్నాను.

“అతనిదీ మా వెనకవీధేరా. వరదలో కొట్టాలన్నీ తిరిగి, అతనే మంచమెక్కి మూడు వారాలైంది. పట్నం తీసుకెళ్లమంటావా మీ బావని? నువ్వేమంటే అది.”

ఆ మూడు వారాల ఖాళీలూ ఎక్కణ్నుంచి వచ్చాయో నాకప్పుడు అర్థమైంది. అర్థమైనప్పుడు మనిషన్నవాడు ఏం చేస్తాడో మీకు తెలుసు. నేను ఉద్యోగిని. “రెండు రోజులు ఆగు అక్కా, ఇక్కడ కనుక్కుని చెబుతా,” అన్నాను.

కనుక్కోకుండా ఏమీ ఉండలేదు. ఫారంలో సమాచారం ఎవరిచ్చారన్న గడిలో మూడే ఉంటాయి: సహాయకుడు, ఆసుపత్రి, పత్రిక. అక్క అన్న గడి లేదు. అందుకని పై అంతస్తుకి వెళ్లి సంగతంతా చెప్పాను. డాక్టరమ్మగారు గేదె అన్న మాట దగ్గరే చెయ్యి అడ్డం పెట్టి, “జ్వరం వరకు చెప్పండి చాలు,” అన్నారు. జ్వరం వరకే చెబితే, వర్షాకాలంలో జ్వరం రాకపోతే ఆలోచించాలి గానీ వస్తే ఎందుకన్నారు. కింది అంతస్తుకి వెళ్లాను. పశువుల డాక్టరుగారు గేదెల గురించి శ్రద్ధగా విని, “మీ బావగారు మాత్రం నా పరిధిలోకి రారండీ,” అన్నారు. గేదెలు ఈసుకుపోవడానికి నూటయాభై కారణాలుంటాయని, బావ జ్వరం సంగతి తెలిస్తే కొంత తేలుతుందని, అది పై అంతస్తు వ్యవహారమని కూడా అన్నారు.

ఇద్దర్నీ ఓ చోట కూర్చోబెడదామని ఉమ్మడి సమావేశం ప్రతిపాదించాను. ఏ అంతస్తులో అన్న దగ్గర ఒక రోజు పోయింది. చివరికి రెండు అంతస్తులకూ మధ్య మెట్ల మలుపు దగ్గర జరపాలని తీర్మానమైంది. అక్కడ ఆరు కుర్చీలు వేయించాను. కుర్చీలు వేశాక పైవాళ్లు కిందికి రావడానికి గానీ, కిందివాళ్లు పైకి రావడానికి గానీ దారి లేకుండా పోయింది. సమావేశం వాయిదా పడింది. వాయిదా పడిన సమావేశానికి రెండు పేజీల నివేదిక రాశాను. ఈలోపు నాలుగు రోజులు గడిచాయి.

ఐదో రోజు పొద్దున్నే అక్క నన్ను అడగడం మానేసి, పాల వ్యాను ఆపి, బావను అందులో పడుకోబెట్టుకుని పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ మీసాలు కూడా సరిగా రాని డాక్టరు ఒకే ఒక్క ప్రశ్న వేశాడట: ఇంట్లో పశువులున్నాయా అని. దాన్ని ఎలుక జ్వరం అంటారట. ఎలుకల మూత్రం వరదనీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు తాగిన గేదె ఈసుకుపోతుంది. ఆ కొట్టంలో కాలి పగుళ్లతో తిరిగిన మనిషి మంచం పడతాడు. రెండూ ఒకటే రోగం. రెండు అంతస్తుల్లో వేర్వేరుగా కాపురముండాలన్న సంగతి పాపం దానికి తెలియదు. మొదటి రోజే వస్తే మాత్రలతో పోయేదన్నాడు ఆ డాక్టరు. ఇప్పుడు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, మిషను మీద పెట్టాలన్నాడు.

నేను వెళ్లేసరికి బావ ముఖం ఉబ్బిపోయి ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. అక్క వరండాలో గోడకానుకుని కూర్చుంది.

“నీ మాట విని నాలుగు రోజులు ఆగాను రా,” అంది. అంతే అంది.

ఏడ్చాను. అందులో వ్యంగ్యమేమీ లేదు.

శుక్రవారం ఆఫీసుకు రాగానే బావ కేసు నమోదు చేయబోయాను. ఇప్పుడు ఆసుపత్రి కాగితం ఉంది కదా. కానీ ఆసుపత్రి ఉన్నది మూడో ప్రాంతంలో. రోగి ఎక్కడ పడుకుంటే రోగం అక్కడిదే అన్నది మా నిబంధన. ఒక జ్వరం మూడో ప్రాంతానికి పోయింది. పదిహేడుకు మళ్లీ సున్నా. ఇక లాభం లేదని డైరెక్టర్ గారి దగ్గరకు వెళ్లాను.

“సర్, ఆ ఖాళీలు సున్నాలు కావండి. అక్కడ చాలామంది మంచాన ఉన్నారు.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఖాళీలు సున్నాలని మనకు చెప్పిందెవరు?”

“నేనే సర్.”

“అప్పుడు తప్పు చేశారా, ఇప్పుడు చేస్తున్నారా? ఏదో ఒకటి రాసివ్వండి.”

రెండిట్లో ఏది రాసిచ్చినా ఇంటికి పంపేలా ఉన్నారు కాబట్టి, ఏదీ రాయకుండా సీటుకు వచ్చాను. ఆరో వారం పూర్తయ్యాక పదిహేడో ప్రాంతానికి ప్రథమ బహుమతి అన్నారు. ప్రశంసాపత్రం నన్నే రాయమన్నారు. అది మాత్రం రాశాను. సహాయకుడు విధిగా హాజరు కావలెనని ఉత్తరం కూడా నేనే పంపాను.

సభ బడి హాల్లో జరిగింది. వరదనీళ్ల మరక గోడ మీద నడుము ఎత్తున ఉంటే, దాని మీదుగా బ్యానరు కట్టాం. సహాయకుణ్ని భార్యా, తమ్ముడూ కుర్చీతో సహా ఎత్తుకొచ్చి ముందు వరసలో దించారు. కళ్లు పసుపు పూసినట్టున్నాయి. డైరెక్టర్ గారు శాలువా కప్పితే, అప్పటికే కప్పుకున్న దుప్పటి మీద అది జారిపోయింది. మైకు సహాయకుడి నోటి దగ్గర పెట్టారు.

“అయ్యా, నేను ఆరు వారాలుగా ఏమీ పంపలేదండి. లేవలేకపోయాను. క్షమించాలి.”

డైరెక్టర్ గారు మైకు సున్నితంగా అందుకున్నారు. “చూశారా వినయం. ఆరు వారాల్లో ఒక్క తప్పుడు లెక్క పంపలేదు. ఒక్క వదంతి పుట్టించలేదు. ప్రజల్లో ఒక్కరికైనా ఆందోళన కలిగించలేదు. ప్రతి ఉద్యోగీ ఈయన్ని ఆదర్శంగా తీసుకుంటే, వచ్చే ఏడాదికి ఈ నేల మీద రోగమన్న మాటే వినపడదని నేను హామీ ఇస్తున్నాను.”

మొదట చప్పట్లు కొట్టింది నేనే. చేతులకు అలవాటైపోయింది.

సభ అయ్యాక సహాయకుడి భార్య నా దగ్గరకొచ్చి, “డాక్టరెవరైనా వచ్చారా బాబూ?” అని అడిగింది.

“ఫొటోగ్రాఫరు వచ్చాడమ్మా,” అన్నాను. తర్వాత గొంతు తగ్గించి ఎలుక జ్వరం సంగతి చెప్పి, వెంటనే పట్నం తీసుకెళ్లమన్నాను.

“మీ అక్కగారు చెప్పారు. మొన్ననే వ్యాను మాట్లాడాం. ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, హాజరు కాకపోతే బాగుండదని ఈయనే ఆగిపోయారు,” అంది ఆమె.

సహాయకుడు నాలుగో రోజు పోయాడు. ఆ ప్రాంతంలో మరణాలు రాసి పంపాల్సింది ఆయనే కాబట్టి, ఆయన మరణం మాకు అందలేదు. శుక్రవారం మూడున్నరకు ఆ ఖాళీ గడి ముందు కూర్చున్నాను. ఒకటి అని కొట్టాను. అక్క ఇల్లిల్లూ తిరిగి క్యాలెండరు వెనక రాసుకొచ్చిన లెక్కలు కూడా దాని పక్కన ఎక్కించాను: పద్నాలుగు జ్వరాలు, పదకొండు గేదెలు. పదిహేడో ప్రాంతం ఎర్రగా భగ్గుమంది. నా ఉద్యోగ జీవితంలో నేను వేసిన సరైన రంగు అదొక్కటే. అది మూడు రోజులుంది.

సోమవారం విచారణ సంఘం వేశారు. నివేదికలు రానంతకాలం ఆ ప్రాంతంలో రోగాలు లేవని, వచ్చిన వారమే మొదలయ్యాయని, కాబట్టి రోగాలకు నివేదికే కారణమై ఉండవచ్చునని సంఘం తేల్చింది. అక్క క్యాలెండరును స్వాధీనం చేసుకుని క్రిములున్నాయేమో చూడమని ప్రయోగశాలకు పంపారు. అంకెలు తీసేశారు. మిగతా ప్రాంతాల సహాయకులు తెలివైనవాళ్లు. బహుమతి ఎవరికొచ్చిందో, విచారణ ఎవరి మీద పడిందో చూశారు. మరుసటి వారం తొమ్మిది ప్రాంతాల నుంచి ఫారాలు రాలేదు. ఆ పై వారం పదహారు.

బావ బతికాడు. నెలన్నర తర్వాత ఇంటికొచ్చాడు. కొట్టంలోకి వెళ్లడానికి లేదు, వెళ్లే ఓపికా లేదు. నాతో మాట్లాడతాడు గానీ, ఒంట్లో ఎలా ఉందని అడిగితే అక్క వైపు చూస్తాడు. అక్క ఇప్పటికీ అప్పుడప్పుడు ఆఫీసుకి ఫోన్ చేసి, మీ పటంలో బాగా ఆకుపచ్చగా ఉన్నదేదో చెప్పు, అటువైపు గేదెల్ని కొనకుండా జాగ్రత్త పడతాం అంటుంది. చెబుతాను. మా కేంద్రం వల్ల ఒకరికైనా ఉపయోగం ఉందంటే అది మా అక్కకే.

నేను ఉద్యోగం మానేశానేమో అనుకుంటున్నారు. ఈ శుక్రవారం పటం కూడా నేనే వేశాను. ఇరవై రెండు ప్రాంతాలూ ఆకుపచ్చ. మీదీ అందులోనే ఉంది, చూశాను. పక్కింటాయన వారం రోజులుగా జ్వరంతో మూలుగుతున్నాడని మీకు తెలుసు, మీరెవరికీ చెప్పలేదు. నేనెవరినీ అడగలేదు. మనందరి సహకారంతోనే పటం ఇంత చక్కగా వచ్చింది.