డెత్ పక్కన వచ్చే మాటలు

ఆ శనివారం పొద్దున సుదర్శన్ సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు షేర్ ఆటో ఎక్కి ఝరాసంగం పోవాలి. అక్కడ నాలుగు వాడలు తిరిగి, జూన్‌లో బడిలో చేరడానికి కనీసం ఇద్దరు పిల్లల తల్లిదండ్రుల చేత ఊఁ అనిపించాలి. పదకొండుకల్లా జహీరాబాద్ తిరిగొచ్చి ఇంగ్లీష్ డేలో నిలబడాలి. ఆ తరువాత తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది.

ఆయన పనిచేసే ప్రైవేటు బడిలో ఇంగ్లీష్ చెప్పేవాళ్లు ఇద్దరు. ఒకరు పంతొమ్మిదేళ్లుగా అక్కడే అరిగిపోయిన సుదర్శన్ సారు. రెండోవారు నిరుడే వచ్చిన మానస మేడం. జూన్ నుంచి ఒక్కరు చాలని కరస్పాండెంట్ జగన్‌మోహన్ తేల్చేశాడు. ఆ ఒక్కరు ఎవరో శనివారం ఇంగ్లీష్ డే అయ్యాక తల్లిదండ్రుల ముందే చెబుతానన్నాడు. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఇంకో బడి మెట్లెక్కి, ఇరవై ఐదేళ్ల పిల్లల వరసలో కూర్చుని డెమో క్లాసు కోసం ఎదురు చూడటం సుదర్శన్ వల్ల అయ్యే పని కాదు. ఆ ఊహ వస్తేనే ఆయనకు అన్నం సహించేది కాదు.

ఇంగ్లీష్ డేకు జగన్‌మోహన్ ఒక పద్ధతి పెట్టాడు. ఒక్కో క్లాసు తరఫున ఒక మామూలు ఇంగ్లీష్ నామవాచకం తీసుకోవాలి. దాని ముందు వెనకల ఏ మాటలు కలిసి వస్తాయో పెద్ద ఫ్లెక్సీ మీద వేసి, పిల్లల చేత చెప్పించాలి. మానస మేడం ‘టైమ్’ తీసుకుంది. సేవ్ టైమ్, వేస్ట్ టైమ్, ఆన్ టైమ్ అని పిల్లలు అప్పుడే పాటలా పాడేస్తున్నారు. సుదర్శన్ మూడు రోజులు ఆలోచించి ‘డెత్’ తీసుకున్నాడు.

విన్నవాళ్లంతా ముఖం చిట్లించారు. ఆయన కారణాలు ఆయనకున్నాయి. నిరుడు తల్లి పోయినప్పుడు దవాఖానలో న్యాచురల్ డెత్ అన్నారు. మున్సిపల్ ఆఫీసులో డెత్ సర్టిఫికెట్ కావాలన్నారు, బ్యాంకులో డేట్ ఆఫ్ డెత్ అడిగారు. మూడు నెలలు ఆ మాట వెంట తిరిగితే దాని బలగమంతా పరిచయమైంది. పైగా పిల్లలు లీవ్ లెటర్లలో ‘మై గ్రాండ్‌ఫాదర్ డిడ్ డెత్’ అని రాస్తుంటే, ఆ ముసలాయన మీద జాలితో ఆయన మనసు ఉసూరుమనేది. పోయినవాళ్లను సరైన ఇంగ్లీషులో సాగనంపడం కనీస మర్యాద అని ఆయన నమ్మకం.

"సుగుణా, నా ఫోన్ల చార్జింగ్ లేదు. నీ ఫోన్ ఇయ్యి, తారాబాయికి ఫ్లెక్సీ మ్యాటర్ పంపాలె" అన్నాడు భార్యతో.

సుగుణమ్మ అంగన్‌వాడీ టీచరు. సంగారెడ్డిలో శిక్షణ ఉందని బస్సుకు తయారవుతోంది. "జల్ది కానియ్యి. నాకు బస్సు పోతది" అని ఫోన్ చేతికిచ్చింది.

ఆయన పంపిన మ్యాటర్‌లో పైన పెద్దక్షరాలతో డెత్ అని ఉంది. దాని కింద సడెన్ డెత్, అన్‌టైమ్లీ డెత్, అనౌన్స్ ది డెత్, మోర్న్ ది డెత్. అడుగున తన ఫొటో, పేరు, చదువు, ‘పంతొమ్మిదేళ్ల సేవ’ అనే మాట. ఆ సేవ సంగతి జగన్‌మోహన్ కంట్లో పడాలని ఏరికోరి పెట్టాడు. చివర ‘అర్జెంట్, పది లోపల బడి గేటుకు కట్టాలె’ అని చేర్చి, తన ఫోన్ ఆపి చార్జింగుకు పెట్టి, ఇంటికి తాళం వేసి బయలుదేరాడు.

ఆ వెనక జరిగిందంతా ఆయనకు మధ్యాహ్నం దాకా తెలియదు. మనం ముందే తెలుసుకుంటే ఆయన ఏమీ అనుకోడు.

ఫ్లెక్సీలు చేసే తారాబాయి ఉద్గీర్ వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. మరాఠీలో పదో తరగతి చదివింది. ఇంగ్లీష్ అక్షరాలు చూసి కొడుతుంది గానీ వాటి అర్థాల జోలికి పోదు. డెత్ అన్న మాట మాత్రం ఆమెకు కంటికి అలవాటే. ఆమె కొట్లో తయారయ్యేవి సగం పుట్టినరోజులవైతే సగం పోయినవాళ్లవి. భార్య ఫోన్ నుంచి భర్త ఫొటో వచ్చింది, పైన ఆ మాట ఉంది, అర్జెంట్ అని ఉంది. 

"అయ్యో దేవా! నిరుడే గద తల్లిది చేసినం" అంది మొగుడు వెంకట్‌తో.

"ఒక్కసారి ఫోన్ చేసి అడుగరాదు?" అన్నాడు వెంకట్.

"ఏమని అడగాలె? నీ పెనిమిటి నిజంగనే పోయిండా అనా? నోరెట్లొస్తది?"

అదే మాట అన్ని సార్లు రాసి ఉండటం చూసి ఆమెకు కళ్లు చెమర్చాయి. "ఏడ్సుకుంట రాసినట్టుంది పాపం. రాసిందే రాసింది" అనుకుని ఒక్కటి ఉంచి మిగతావి తీసేసింది. నిరుటి ఫ్లెక్సీ తెరిచి తల్లి ఫొటో ఉన్నచోట కొడుకు ఫొటో పెట్టింది. దండ, దీపం, అశ్రునివాళి అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. తొమ్మిదిన్నరకు వెంకట్ దాన్ని బడి గేటుకు కట్టి, ఒకసారి చేతులు జోడించి వెళ్లిపోయాడు.

జగన్‌మోహన్ కారు దిగుతూనే దాన్ని చూశాడు. "ఎవరు కట్టిన్రిది?" అని వాచ్‌మన్ యాకోబును అడిగాడు.

"ఫ్లెక్సీ వెంకట్ కట్టిండు సార్. సారు ఇంటామె ఫోన్ నుంచే వచ్చిందట" అన్నాడు యాకోబు, కళ్లు తుడుచుకుంటూ.

సుదర్శన్ నంబరుకు చేస్తే స్విచ్ ఆఫ్. "ఝరాసంగం తొవ్వల్నే ఏమన్న అయ్యుంటది" అన్నాడు లెక్కల సారు మహిధర్. ఆ మాటతో జగన్‌మోహన్‌కు చెమటలు పట్టాయి. పిల్లల్ని పోగు చేసుకు రమ్మని ఆ దారిన పంపింది తనే. రేపు చుట్టాలంతా వచ్చి గేటు ముందు టెంటు వేసి కూర్చుంటే? అడ్మిషన్ల కాలంలో అంతకన్నా అపశకునం ఇంకోటి లేదు.

"సుగుణక్కకు ఒకసారి ఫోన్ చేద్దామా సార్?" అంది మానస మేడం.

"వద్దు మేడం. అసొంటి ఇంటికి ఫోన్ చేసి ఏమడుగుతం? ముందు సంతాపసభ కానిద్దాం. ఆ తర్వాత అందరం కలిసి పోదాం."

అలా మర్యాదకు పోయి ఎవరూ సుగుణమ్మకు ఫోన్ చేయలేదు. ఫ్లెక్సీ ఫొటో మాత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి, అక్కడి నుంచి చుట్టాల గ్రూపులోకి, ఆ దారిన అక్కగారి ఊరు మొగుడంపల్లి దాకా పోయింది. సుదర్శన్ అక్క అనంతమ్మ దాన్ని చూసి కూలబడింది. మరదలి నోటి వెంట ఆ మాట వినలేనని ఆమె కూడా ఫోన్ చేయకుండానే, ఆరుగురు ఆడవాళ్లను వెంటేసుకుని ఆటో ఎక్కింది.

ఝరాసంగంలో సుదర్శన్‌కు ఒక్క పేరు కూడా దొరకలేదు. "సర్కారు బడిల ఇంగ్లీష్ మీడియం వచ్చింది, అన్నం గూడ పెడుతున్నరు. ఇంక మీ కాడికెందుకు సారూ?" అని ఒకామె అడిగి లోపలికి పోయింది. పదిన్నరకు దిగులుగా తిరుగు ఆటో ఎక్కాడు. పక్కన ఈరయ్య అనే రైతు కందిపప్పు సంచీతో, పెద్ద బంతిపూల దండతో ఇరుకుగా కూర్చున్నాడు.

"జర ఈ దండ పట్టుకో సారూ, నలిగిపోతది" అని దాన్ని సుదర్శన్ ఒళ్లో పెట్టాడు. "మా బిడ్డ పూజిత బడిల సారు ఒకాయన పోయిండట. జహీరాబాద్ల వాళ్ల మేనత్త ఇంట్ల ఉండి సదువుతది. ఫోన్ చేసి ఒక్కటే ఏడుపు."

"ఏ బడి?" అన్నాడు సుదర్శన్.

ఈరయ్య చెప్పింది తన బడి పేరే. సుదర్శన్ ఆయన వైపు తిరిగాడు. "పేరేం చెప్పింది?"

"పేరు నాకేం తెల్వది. నేను ఆ బడి ముఖమే సూడలె. మంచోడట, గని ఎప్పుడు ముఖం ఏలాడేసుకునే ఉంటడట."

అయితే మహిధరే అనుకున్నాడు సుదర్శన్. లెక్కల సారుకు బీపీ ఉంది, ముఖమూ అలాగే ఉంటుంది. ఆయనకు బాధేసింది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఒక మనిషి తగ్గాడు కాబట్టి ఇక ఎవరినీ తీసేయరేమో, రెండు క్లాసుల లెక్కలు తను చెబుతానని అడగొచ్చేమో. వచ్చిన మరుక్షణమే ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. దారి పొడుగునా ఆ దండను నలగకుండా పట్టుకుని, మహిధర్‌కు మనసులోనే క్షమాపణలు చెప్పుకుంటూ కూర్చున్నాడు.

బస్టాండు దగ్గర ఈరయ్య సంచీ దించుకుంటూ వెనకబడ్డాడు. సుదర్శన్ ఆగలేక దండతోనే గబగబా బడికి నడిచాడు. గేటు దగ్గర తన ఫ్లెక్సీ కనిపించింది. ముందుగా ఆయన కంటికి ఆనింది అక్షరాలే. సడెన్ లేదు, అన్‌టైమ్లీ లేదు, డెత్ ఒక్కటే మిగిలింది. రెండు వారాల కష్టాన్ని తారాబాయి ఇలా కోసేసిందేమిటని మండిపడుతూ కిందికి చూస్తే, దండ వేసుకుని తన ముఖం కనిపించింది. అటూ ఇటూ చూశాడు. చేతిలో దండతో వచ్చిన ఆయన్ను చూసి యాకోబు స్టూలు మీది నుంచి జారి కింద పడ్డాడు.

లోపల మైకులో జగన్‌మోహన్ గొంతు వినబడుతోంది.

"సుదర్శన్ సార్ అసొంటి టీచర్ మళ్ల దొరకడు. మా ఇంగ్లీష్ రూముకు ఇయ్యాల్టి నుంచి ఆయన పేరు పెడుతున్నం. వాళ్లింటామెకు మా ఆఫీసుల ఉద్యోగమిస్తున్నం. ఆయన క్లాసులన్ని మానస మేడంకు అప్పజెప్పుతున్న. ఇది రెండు వందల మంది ముందర నేనిస్తున్న మాట!"

పంతొమ్మిదేళ్లలో ఆ మనిషి నోటి నుంచి తన గురించి ఒక్క మంచి మాట వినలేదు సుదర్శన్. కాసేపు అలాగే నిలబడి విందామనిపించింది. అంతలో, ఇంటికి తాళం చూసి బడికి వచ్చి కూర్చున్న అనంతమ్మ వెనక్కి తిరిగింది.

ఆమె పెట్టిన కేకకు కుర్చీలు పడ్డాయి. పరుగున వచ్చి తమ్ముడి చెంపలు తడిమింది, భుజాలు తడిమింది, ఆ తరువాత రెండు చేతులతో వీపు మీద బాదడం మొదలుపెట్టింది. "బతికున్నోనివి ఫోన్ ఎత్తరాదురా? నా పానం తీసినవ్ గదరా!" అని ఏడ్చింది. పిల్లలు ముందు భయపడ్డారు. తరువాత, సంతాపంగా ప్రకటించిన సెలవు ఉంటుందా పోతుందా అని గుసగుసలాడుకున్నారు.

గొడవ సద్దుమణిగాక జగన్‌మోహన్ ఆయన్ను గదిలోకి పిలిచాడు. మానస మేడం కూడా తల వంచుకుని ఒక పక్కన నిలబడింది.

"మీరు రావుడు చాల సంతోషం సార్" అన్నాడు జగన్‌మోహన్, ఏ సంతోషమూ లేకుండా. "గని మానస మేడంకు క్లాసులు అప్పజెప్పిననని అందరి ముందర చెప్పిన. ఇచ్చిన మాట ఎన్కకు తీసుకుంటే బడి ఇజ్జత్ ఏముంటది?"

"సార్, అదే మైకుల మా ఇంటామెకు ఉద్యోగమని గూడ అన్నరు" అన్నాడు సుదర్శన్ మెల్లగా.

"అది పోయినాయన భార్యకు సార్. మీరున్నరు గద."

"నా పేరు రూముకు..."

"అది గూడ అంతే సార్. బతికున్నోల్ల పేర్లు రూములకు పెడితే మంచిగుండదు."

"నేను అడగలేదు సార్, నిజంగ" అంది మానస మేడం. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. ఆ ఏడుపు తన కోసమేనని గుర్తొచ్చి సుదర్శన్‌కు ఆమె మీద కోపం రాలేదు. జగన్‌మోహన్ టైపు చేయించిన కాగితం మీద సంతకం పెట్టి, స్టాంపు వేసి చేతిలో పెట్టాడు. సుదర్శన్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు.

గేటు దగ్గర సుగుణమ్మ ఫ్లెక్సీ ముందు కూలబడి ఉంది. సంగారెడ్డిలో శిక్షణ మధ్యలో ఫొటో చూసిందట. ఆయనకు చేస్తే స్విచ్ ఆఫ్. రెండు గంటలు బస్సులో ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చుందట.

సుదర్శన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె చాలాసేపు ఆయన చెయ్యి వదల్లేదు. "ఒక్కరన్న ఫోన్ చెయ్యలె" అంది చివరికి. "నాకు చెప్పలేక దాస్తున్రు అనుకున్న. ఎవరి ఫోన్ రాకుంటే అంత నిజమనిపించింది."

"ఉద్యోగం పోయింది సుగుణా."

"పోనియ్యి. నువ్వున్నవ్" అని ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. కొంతసేపటికి ఆయన జేబు వైపు చూసి, "అదేం కాయితం?" అని అడిగింది.

"ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. ఇంకో బడిల చూపెట్టుకోమని ఇచ్చిండు" అని విప్పి చూశాడు. పంతొమ్మిదేళ్లు పనిచేశాడని ఒక వాక్యంలో రాసి, సుదర్శన్ గారు మన మధ్య లేకపోవడం మా సంస్థకు తీరని లోటని రెండో వాక్యంలో రాసి ఉంది.