గృహరక్షణ మాక్ డ్రిల్

ఇకమీదట ఖుర్సీపార్‌లోని ఈ గల్లీలో చీమ కూడా అనుమతి లేకుండా ఏ ఇంట్లోకీ దూరడానికి వీల్లేదని ఆదివారం పొద్దున్నే ఆటో మీది మైకు ప్రకటించింది. వార్డు అధ్యక్షులు ఉమేష్ గారు స్వయంగా రూపొందించిన ‘ఘర్ సురక్షా అభియాన్’ అది. ఉమేష్ గారు తెలుగువారే. కాకపోతే ఎన్నికలప్పుడు, ఇలాంటి ఆపత్సమయాల్లో మాత్రమే తెలుగు మాట్లాడతారు, మిగతా రోజుల్లో హిందీయే.

ఆపత్తు ఏమిటో గల్లీలో ఎవరికీ తెలియదు. దొంగలు పడ్డ ఇల్లు ఒక్కటీ లేదు.

“అదే కదా డేంజర్,” అన్నారాయన, అప్పలసూరి ఇంటి ముందు గదిలో కూర్చుని. “ఇంతవరకు రాలేదంటే ఇక వస్తారనే కదా చాచా.”

అప్పలసూరికి ఈ తర్కంలో లోపం కనబడలేదు. ముప్పై నాలుగేళ్లు స్టీలు ప్లాంటులో సేఫ్టీ సెక్షన్‌లో పనిచేసిన మనిషి. రిటైరై నాలుగేళ్లయినా ఆయన చెవులు సైరన్ కోసం వెతుకుతూనే ఉన్నాయి. ఏ ప్రమాదం గురించీ తనను ఎవరూ అడగడం లేదన్నదే ఆయనకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదంగా తోచేది.

“డ్రిల్ ఇన్‌చార్జి మీరే,” అన్నారు ఉమేష్ గారు. డాక్టర్లు మూడేళ్లుగా సరిచేయలేని అప్పలసూరి నడుము ఆ మాటకు నిటారుగా అయింది.

“మరి ఆ రోడ్డోళ్ల సంగతేటి బాబూ?” అంది ఆయన భార్య సత్యలక్ష్మి, కుట్టుమిషన్ ఆపి.

రోడ్డు వెడల్పు చేసేవాళ్లు ఈ వరసలో పన్నెండిళ్ల ముందు గదులూ పడగొట్టడానికి ఇప్పటికి మూడుసార్లు జేసీబీతో వచ్చారు. మూడుసార్లూ సత్యలక్ష్మి గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది. వరసంతా కలిసిన గోడే, మనిషి లోపల ఉండగా దాన్ని ముట్టుకోకూడదని వాళ్ల రూలు. జేసీబీ తిరిగి వెళ్లిపోయింది. ఆ గది పోతే మిషన్‌కు చోటు లేదు, మిగిలేది వంటగదీ మంచమూ. పాపం, ఆవిడకు రక్షణలో ఏ ట్రైనింగూ లేదు.

“ఆ ఫైలు నా చేతిలోనే ఉంది చాచీ. మీకు టెన్షన్ ఎందుకు?” అన్నారు ఉమేష్ గారు.

ఆయన ఇచ్చిన ఫారం నాలుగు పేజీలు. ఇంటికి ఎన్ని తలుపులు, ఏ వేళ ఎవరు ఉంటారు, ఏ గోడ బలహీనం, ఇంట్లో అందరికన్నా మొండివారు ఎవరు. పన్నెండిళ్లకూ అప్పలసూరే గుండ్రని అక్షరాలతో నింపాడు. చివరి ప్రశ్న దగ్గర భార్య పేరు రాసి, కింద గీత కూడా గీశాడు.

తర్వాత ప్లాను గీశాడు. ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే. సైరన్ మోగగానే చేతిలో పని వదిలి గ్రౌండ్‌లోని అసెంబ్లీ పాయింటుకు చేరాలి, తలలు లెక్కించాలి. లోపల ఒక్కరూ మిగలకపోతే డ్రిల్ సక్సెస్.

“దొంగొస్తే ఇల్లొగ్గేసి గ్రౌండ్‌కి పోడమేటి మామా?” అంది పక్కింటి నూకమ్మ.

“ముందు ప్రాణం. అది రూలు.”

“మరి ఇల్లో?”

“ఇంటికి హెడ్‌కౌంట్ ఉండదు.”

ప్లాను చూసి ఉమేష్ గారు దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు. “చాచా, ఇంత పర్ఫెక్టుగా నేను కూడా ఆలోచించలేదు,” అన్నారు.

సోమవారం సాయంత్రం అప్పలసూరి ముందు గది గోడకు మేకు కొట్టాడు, డ్రిల్ సక్సెసైతే ఉమేష్ గారు ఇస్తానన్న ‘జీరో మిస్సింగ్’ సర్టిఫికెట్టు కోసం.

మంగళవారం పదకొండింటికి సైరన్ మోగింది. మనసుకు తెలిసేలోపే ఆయన కాళ్లు లేచాయి. పదకొండిళ్లు ఖాళీ అయ్యాయి. సత్యలక్ష్మి మాత్రం గుమ్మంలో స్టూలు మీద ఉంది.

“లెగు.”

“నాను రాను. ఇక్కడే కూకుంటాను.”

“నీ ఒక్కదాని వల్ల జీరో మిస్సింగ్ పోతాది.”

ముప్పై ఏళ్ల కాపురంలో ఆ గొంతులో బతిమాలడం ఆవిడ వినలేదు. ప్లాంటు నాటి పసుపుపచ్చ హెల్మెట్ కింద ఆయన ముఖం వైపు చూసింది. నాలుగేళ్లుగా ఆ ముఖం ఎక్కడికి పోయిందో ఆవిడకూ తెలియదు. లేచింది.

బయటికెళ్లే దారికి ఏ వస్తువూ అడ్డం ఉండకూడదు. స్టూలు అప్పలసూరే లోపల పెట్టాడు.

గ్రౌండ్‌లో యాభై మూడు తలలు, యాభై మూడు సంతకాలు. చొరబాటుదారుల మీద ఉమేష్ గారు నలభై నిమిషాలు ప్రసంగించారు. మధ్యలో గల్లీ వైపు నుంచి ఏదో దడదడమంది. నూకమ్మ తల తిప్పింది.

“రోల్‌కాల్ అయ్యేదాకా వెనక్కి చూడకూడదు,” అన్నాడు అప్పలసూరి.

అందరూ క్రమశిక్షణతో ముందుకే చూశారు. ‘జీరో మిస్సింగ్’ అని బంగారు అక్షరాల్లో రాసిన ఫ్రేము ఆయన చేతికి అందింది. చప్పట్లు. ఆల్ క్లియర్ సైరన్ మోగింది.

తిరిగి వచ్చేసరికి గల్లీ బాగా వెడల్పయింది. కుట్టుమిషన్‌ను ఎవరో మర్యాదగా బయట పెట్టారు. పక్కన రోడ్డోళ్ల గుమాస్తా ఒకడు కాగితం చదువుతున్నాడు: పన్నెండిళ్లూ ఖాళీ, అభ్యంతరం చెప్పినవారు లేరు, సాక్ష్యంగా ఇన్‌చార్జి సంతకంతో హాజరుపట్టీ జతచేయడమైనది.

అప్పలసూరి ఫ్రేమును రెండు చేతులా గుండెకు పట్టుకుని నిలబడ్డాడు. హెల్మెట్ తీయలేదు.

సత్యలక్ష్మి ఇటుకల్లో వంగి చాలాసేపు వెతికింది. మేకు దొరికింది. వంకర కూడా పోలేదు. పైటతో తుడిచి ఆయన అరచేతిలో పెట్టింది.

“ఇంద. ఎక్కడ కొడతావో కొట్టు.”