బహీగాకు ఏమీ వినపడలేదు

మర్నాడే పరీక్ష. సర్కారు సంగీత బృందంలో ఊద్ అనే తీగవాద్యం వాయించేవాడి చోటు ఒక్కటే ఖాళీగా ఉంది. నలభై అయిదు నిండితే అర్హత లేదు. వగ్దీకి వచ్చే నెలలో నిండుతాయి. పెళ్ళిళ్ళలో జనం కబాబులు నములుతుంటే ఓ మూల కూర్చుని వాయించే బతుకు తప్పాలంటే ఇదే ఆఖరి అవకాశం. అందుకని ఆ ఉదయం టీ తాగుతూ, ఒక్క గంట సాధన చేసుకుందామనుకున్నాడు.

చిక్కల్లా నాలుగో అంతస్తుతో వచ్చింది. అక్కడ హాజీ లుత్ఫీ పోయి పన్నెండు రోజులే అయింది. నలభయ్యో రోజు దాటేదాకా ఆ మెట్లు ఎక్కి దిగే ఏ ఇంట్లోనూ పాట వినపడకూడదు. మూడో అంతస్తు గమాలాత్ కూతురి నిశ్చితార్థమే వాయిదా వేసుకుని పళ్ళు నూరుకుంటోంది. పైగా హాజీ బతికున్నన్నాళ్ళూ వగ్దీ ఊద్‌ని తిట్టిపోసినవాడు. పోయాక కూడా ఆయన్ని ఏడిపించాడన్న మాట వగ్దీకి అక్కర్లేదు.

"బహీగా, నువ్వు పైకెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు నిలబడి విను," అన్నాడు భార్యతో.

ఆమె ఆయాసపడుతూ తిరిగొచ్చింది. "ఏం వినపడలేదు. ఇంతకీ వాయించావా?"

వగ్దీ మనసు చివుక్కుమంది. వీధి గది వదిలేసి, మెట్లకు బాగా దూరమని స్నానాలగదిలోకి మారి, ఇంకాస్త గట్టిగా వాయించాడు.

"ఊహూఁ. నువ్వు దాన్ని నిమురుతున్నావా, మీటుతున్నావా?"

బహీగా మిజ్మార్ వాయించేవాడి కూతురు. మిజ్మార్ అంటే సన్నాయికి ఒళ్ళు మండినట్టుండే వాద్యం. దాని పక్కనే ఉయ్యాల్లో పెరిగిన చెవులకు ఊద్ ఒక లెక్కా? వగ్దీకి అది తట్టలేదు. స్నానాలగది కిటికీ ఇంటి నడుమ నిలువుగా ఉండే వెలుతురు సందులోకి తెరుచుకుంటుందని, అన్ని అంతస్తుల వంటిళ్ళ కిటికీలూ అందులోకేనని కూడా తట్టలేదు. ఉత్సాహం కొద్దీ చెలరేగి వాయించాడు.

రెండో అంతస్తు హుస్నియ్యా వంటింట్లో చెయ్యి ఆపింది. "వగ్దీ అంతటి పిరికాడు వాయిస్తున్నాడంటే హాజీ భార్య ఉమ్ సాబిర్ సరేననే ఉంటుంది," అనుకుని రేడియో పెట్టింది. రేడియో విని గమాలాత్, "ఇంకా చూస్తారేంటే, లేవండి!" అంటూ కూతుళ్ళను లేపి, దర్బుకా డప్పు దించి, గొంతెత్తి సంబరపు కూతలు కూసింది. వీధి కాఫీ కొట్టులో పన్నెండు రోజులుగా పనిలేక కూర్చున్న పెళ్ళికొడుకు మేనమామకు అది చాలు. ఆయనదీ మిజ్మార్ బృందమే. మూడు మిజ్మార్లూ ఒక పెద్ద డోలూ మెట్లెక్కాయి.

బహీగా అప్పుడు పరుగెత్తుకొచ్చింది. "ఏమయ్యోయ్! ఇప్పుడు వినపడుతోంది!"

ఊద్ చంకలో పెట్టుకుని వగ్దీ మెట్ల మీదికొచ్చేసరికి, పైనుంచి నల్లబట్టల్లో ఉమ్ సాబిర్ దిగుతోంది. మిజ్మార్లు ఒక్కొక్కటే నోరు మూసుకున్నాయి. గమాలాత్ డప్పుని కొంగు కింద దాచింది.

"తప్పయిపోయింది పిన్నీ, అంతా నావల్లే," అన్నాడు వగ్దీ. నిజంగానే చచ్చిపోవాలనిపించింది అతనికి.

"ముందు వాయించింది నువ్వే కదా నాయనా?" అందామె. "ఆ ఊద్ వినపడగానే ఈయన ఇప్పుడు లేస్తాడు, తిడతాడు అని కూర్చున్నా. ఎంతసేపు కూర్చున్నానో. ఈలోగా వీళ్ళ గోల మొదలైంది." గోడ పట్టుకుని నిలబడింది. "సాయంత్రం పైకొచ్చి వాయించు. వీళ్ళెవరూ వద్దు."

గమాలాత్ కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం వగ్దీ హాజీ ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని, చావింటికి తగినట్టు, తీగ మేలుకోనంత మెల్లగా రెండు గంటలు వాయించాడు. ఉమ్ సాబిర్ కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. తిట్టేవాళ్ళు లేరు.

మర్నాడు పరీక్ష హాల్లో వగ్దీ చెయ్యి ఆ మెల్లదనం వదల్లేదు. దూరంగా కూర్చున్న ముగ్గురు పరీక్షకులు "గట్టిగా" అన్నారు, ఇంకోసారి "గట్టిగా" అన్నారు. ఆ కుర్చీ గుర్తొచ్చి అతని చెయ్యి లేవలేదు. "చాలు. తర్వాతి వాళ్ళు," అన్నారు.

బయట బల్ల మీంచి బహీగా లేచింది. "ఏమయ్యా, వాయించావా? తలుపుకి చెవి ఆనించినా ఏం వినపడలేదు."

ఆమె చెవులతో సంగీత విద్వాంసులు ఏకీభవించడం అదే మొదటిసారి.