తిరుత్తణి కొండెక్కని కారు

"నేరం ఎంత చీకట్లో దాక్కున్నా ఈ ద్వారకనాథ్ కంటికి పట్టపగలే. ఈ కేసు తేల్చగల మెదడు తమిళనాడు మొత్తానికి ఒక్కటే ఉండాది. ఆ మెదడుకు ఇప్పుడు కాఫీ కావాల," అని మా బావ ప్రకటించాడు.

మా అక్క శశికళ కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టింది, కాస్త గట్టిగానే పెట్టింది. మా బావ తిరుత్తణిలో పట్టుచీరలు నేయించి తిరువళ్లూరు కొట్లకు వేస్తాడు. అది బతుకుతెరువు. డిటెక్టివ్ పని ఆయనకు పట్టిన పిచ్చి. పక్కింటి కోడి కనబడకపోయినా వీధి వీధంతా వాంగ్మూలం ఇచ్చుకోవాల్సిందే. నేను బామ్మర్దిని కాబట్టి జీతం లేని అసిస్టెంటును.

ఈసారి నేరం కారుకు జరిగింది. మా బావ డీజిల్ కారు తిరువళ్లూరు రోడ్డు మీద బాగానే పోతుంది. తిరుత్తణి కొండ ఎక్కబోతే మాత్రం సగంలో మీటరు దగ్గర ఇంజన్ బొమ్మ వెలుగుతుంది, బండి నత్తలా పాకుతుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు కదులుతుంది. ఇంకో మలుపులో మళ్లీ అదే కథ.

"ఇది మహా కుట్ర," అన్నాడు బావ. "మహేంద్రా, ఈ కాలం డీజిల్ బండిలో యాక్సిలరేటర్‌కూ ఇంజన్‌కూ నడాన కేబులే లేదు, తెలుసునా? మనం కాలితో తొక్కేది ఉత్త అర్జీ. లోపల ఒక కంప్యూటర్ పెట్టె ఉండాది. గాలెంత, వేడెంత అని సెన్సర్లను విచారించి, ఇంత డీజిల్ పోయమని అది ఆర్డరేస్తాది. లెక్క తేడా వచ్చిందా, ఇంజన్ చెడిపోకుండా బలం తగ్గించేస్తాది."

"అంతవరకూ నిజమే బావా."

"అట్లయితే ఆ పెట్టెను ఎవరో లోబరుచుకున్నారు."

ఎలా లోబరుచుకుంటారని నేను అడగలేదు. అడిగితే వివరిస్తాడు.

ఆయన అనుమానం డ్రైవర్ దేవేంద్రన్ మీద. సాక్ష్యం కూడా ఉందట.

"బండి మొరాయించినప్పుడల్లా స్టీరింగ్ దగ్గర ఉన్నది వాడే."

"డ్రైవర్ గదా బావా, ఇంక యాడుంటాడు?"

"అదే వాడి తెలివి."

నాకు ఒళ్లు మండింది. దేవేంద్రన్ పెళ్లికాక ముందు నుంచి ఈ బండ్లే తోలుతున్నాడు. ఇంత నింద వేసి పంపిస్తే తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా అతని చేతికి ఎవరూ తాళం ఇవ్వరు. పిచ్చి మన ఇంట్లో ఉన్నంత సేపే నవ్వుకోగలం. ఎదుటివాడి కూట్లో పడితే నవ్వు రాదు.

నా పోరు పడలేక బావ బండిని తిరువళ్లూరులో మెకానిక్ వరదన్ షెడ్డుకు పట్టించాడు. వరదన్ స్టీరింగ్ కింద స్కానర్ తగిలించి స్క్రీన్ చూశాడు.

"ఇంజన్‌లోకి గాలి ఊదేది టర్బో. దాన్నుంచి గాలి చాల్లేదంటాది సార్. టర్బో మార్చేద్దాం."

"బానెట్ తెరిచి చూడవా?" అన్నాను.

"స్క్రీన్‌లో లేనిది బండిలో యాడుంటాది సార్?" అని అతను ఒక బటన్ నొక్కాడు. మీటరు దగ్గరి ఇంజన్ దీపం ఆరిపోయింది. "సెరి, ఇప్పటికి పోండి. మళ్లీ వస్తే టర్బోనే."

బావ నా చెవిలో గుసగుసలాడాడు. "సాక్ష్యం చెరిపేసినాడు. వీడూ ముఠాలో వాడే."

కొండ మీది స్వామికి విశేషమైన కృత్తిక నాడు బావ నేరస్థలానికి అందరినీ బయలుదేరదీశాడు. కొండెక్కేలోగా దేవేంద్రన్ నేరం ఒప్పుకోవాలి, లేదా తాళం ఇచ్చేసి వెళ్లిపోవాలి. అక్క పూజ తట్ట ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎందుకో ఆమె ఎప్పటిలా కసరడం లేదు.

మలుపు దగ్గర ఇంజన్ దీపం వెలిగింది. బండి మూలిగింది. బావ దిగి బానెట్ తెరిపించాడు, భూతద్దం తీశాడు, వేలిముద్రల కోసమని బానెట్ అంచు మీద విభూతి చల్లాడు. కొండెక్కే భక్తులు బండికి పూజ జరుగుతోందనుకుని ఆగి దండం పెట్టుకున్నారు. ఒక ముసలమ్మ కర్పూరం కూడా వెలిగించబోతే నేను ఆపాను.

"దొరికినాయి వేలిముద్రలు," అన్నాడు బావ.

"అవి నీవే బావా. ఇప్పుడే ఆనుకుంటివి గదా."

దేవేంద్రన్ వచ్చి తాళం ముందుకు పట్టాడు. "అయ్యా, నా బిడ్డల మీద ఒట్టు, నేనేమీ చేయలేదు. నమ్మకుంటే తీసుకోండి."

బావ గంభీరంగా చెయ్యి చాచాడు. రెండో చేతిలోని భూతద్దం జారి ఇంజన్‌లో పడింది. దానికోసం చెయ్యి దూర్చాడు, కాలే ఇనుము తగిలి కెవ్వుమన్నాడు, విసురుగా లాగాడు. చొక్కా గుండీకి తగులుకుని ఒక పచ్చబట్ట మూట, తెగిన పసుపుదారంతో సహా బయటికొచ్చింది. దారం తెగినచోట వేలంత లావు కూడా లేని ఒక రబ్బరు గొట్టం నొక్కుకుపోయి ఉంది. మేం చూస్తుండగానే అది మెల్లగా గుండ్రమైంది. టర్బోకు కబురు పోయేది ఆ గొట్టంలోనేననీ, దాన్ని బిగించి కడితే కొండ మీద గాలి చాలక కంప్యూటర్ బలం తగ్గిస్తుందనీ వరదన్ తర్వాత నసుగుతూ ఒప్పుకున్నాడు.

"విషపు పొట్లం," అన్నాడు బావ మూట పైకెత్తి.

"ముడుపు," అంది అక్క దిగొచ్చి. "నేనే కట్టినాను."

"ఇంజన్‌లోనా?"

"ఇంక యాడ కట్టేది? దేవుడి గూట్లో కడితే క్లూ అని విప్పేస్తివి. బియ్యం డబ్బాలో దాచినా విప్పేస్తివి. ఇంజన్ గురించి పొద్దస్తమానం పాఠం చెప్తావు గానీ, బానెట్ ఒకనాడైనా తెరిచినావా? అందుకే ఆడ కట్టినా. సామి దగ్గరికి దానంతటదే పోయి వస్తా ఉంటాదిలే అనుకుంటి."

"ఏమి మొక్కు?"

"నీకు ఈ డిటెక్టివ్ పిచ్చి వదలాలని. వదిలితే ఇదే కొండ మీద నీకు గుండు కొట్టిస్తానని."

భక్తులు ఇంకా దండం పెట్టుకునే ఉన్నారు. అక్క దేవేంద్రన్ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. "నా వల్ల నీకు మాటొచ్చె తమ్ముడూ. మన్నించప్పా."

బావ చొక్కా సర్దుకున్నాడు. "కేసు తేలింది. ఇది ఇంటిదొంగ పనేనని నాకు మొదట్నుంచీ తెలుసు. అప్పురం, ఇంకొకటి మహేంద్రా, ఇందులో ఒక లోతైన ప్రశ్న ఉండాది. ఆ పసుపుదారం ఏ కొట్లో కొనింది?"

అక్క నిట్టూర్చి మూటను దేవేంద్రన్‌కు ఇచ్చింది. "దీన్ని హుండీలో వేసెయ్ తమ్ముడూ."

దేవేంద్రన్ బావను ఎగాదిగా చూశాడు. తాళం జేబులో వేసుకున్నాడు.

"మొక్కు ఇంకా తీరలేదు గదక్కా," అంటూ ఇంజన్ మీదికి వంగాడు. "గొట్టానికి తగలకుండా నేనే కడతా. ఈసారి ఇంకా గట్టిగా కడతా."