సంతనాడు కొండెక్కిన జీపు

ఆదివారం పొద్దున్నే సాలూరులో ఇడ్లీ తిని జీపెక్కడం, మధ్యాహ్నం జలపాతం పక్కన బిర్యానీ తినడం, అయిదింటికల్లా ఇంటికి చేరడం. ఇదీ నాగబాబు వేసుకున్న ప్లాను. ఇందులో కష్టమైన భాగం ఒక్కటి కూడా అతనికి కనపడలేదు.

తండ్రి గణపతిరావు కొన్న కొత్త లారీ గుమ్మం ముందు నిలబడి ఉంది. దాని స్టీరింగు తనకే ఇవ్వమని, ఎం.బి.ఏ. పాసై ఖాళీగా ఉన్న నాగబాబు నెల్లాళ్లుగా ఆయన ప్రాణం తీస్తున్నాడు.

"మన జీపు కొండెక్కించి, సిన్న గీత పడకుండా తోలుకురా. లారీ తాళాలు సేతిలో పెడతాను," అన్నాడు గణపతిరావు.

తోడుగా గజపతినగరంలో సెల్‌ఫోన్ల షాపు నడిపే స్నేహితుడు దేవేంద్ర వచ్చాడు.

"ఒరే, అటేపు రోడ్డు లేదంట కదరా!"

"రోడ్డుంటే నేనెందుకురా? ఆటో ఎల్తాది," అన్నాడు నాగబాబు.

తారు రోడ్డు అయిపోయిన మలుపులో దేవేంద్ర ఫొటో కోసం జీపు ఆపించాడు. అదే కొంప ముంచింది. ఆ రోజు కొండ మీద సంత. సంతనాడు ఆ మలుపులో ఏ జీపు ఆగినా జనం దృష్టిలో అది సర్వీసు జీపే. పాపం, ఈ సంగతి ఇద్దరికీ తెలియదు.

ఎండుచేపల గంపతో ఒకావిడ వచ్చి, "ఇదందుకో అల్లుడా," అంది. దేవేంద్ర వాళ్ల అత్త కాబోలనుకుని నాగబాబు గంప అందుకున్నాడు. అతను అందుకున్నాడు గనక ఆవిడ నాగబాబు అత్తే అయి ఉంటుందని దేవేంద్ర మంచినీళ్ల సీసా ఇచ్చాడు. ఆ తర్వాత కోళ్లతో ఇద్దరు బావలు, బస్తాలతో ముగ్గురు మావలు, వాళ్ల వెనకే వాళ్ల ఇంటివాళ్లూ ఎక్కారు.

"మీ సుట్టాలు శానామందేరా," అన్నాడు దేవేంద్ర గుసగుసగా.

"మా సుట్టాలేటి? మీవోళ్లు కాదేటి?"

ఇద్దరూ గతుక్కుమని వెనక్కి తిరిగారు.

"అమ్మా, ఇది సర్వీసు జీపు కాదు. మేం సరదాకి ఎల్తన్నాం," అన్నాడు నాగబాబు.

"సరదాకైతే ఏటి అల్లుడా, కొండెక్కుతాది కదా?" అంది గంపావిడ లక్ష్మణమ్మ.

చివరగా ఎర్రన్న ఎక్కాడు. ఆ దారిలో రోజూ ఎవరిదో జీపు తోలేవాడు. అది పాడై షెడ్డులో ఉంది. చోటు లేక వెనక మెట్టు మీద నిలబడి, "బాబూ, ఫస్టు గేరెయ్యి! బాబూ, రాయి సూడు!" అని అరవడం మొదలుపెట్టాడు.

"నాకు తెలుసులే," అనేవాడు నాగబాబు.

దారికి అడ్డంగా గెడ్డ వచ్చింది. మోకాలి లోతు నీళ్లు.

"కుడిపక్క నుంచి పోనీ బాబూ. ఎడంపక్క ఊబి."

"నాకు తెలుసులే," అని నాగబాబు ఎడంపక్కకే తిప్పాడు. చక్రాలు కూరుకుపోయాయి. డోరుకు జానెడు దూరంలో పెద్ద బండ. ఇంకోసారి ఎక్సలేటరు తొక్కితే గీత కాదు, సొట్టే. లారీ చేజారిపోతోందని నాగబాబుకు నిజంగానే ఏడుపొచ్చింది.

"దిగండర్రా అందరూ!" అంది లక్ష్మణమ్మ. అందరూ దిగి జీపును ఎత్తి పట్టారు. ఎర్రన్న నాగబాబును పక్కకు జరిపి స్టీరింగు అందుకున్నాడు. రెండు నిమిషాల్లో జీపు అవతలి గట్టు మీద ఉంది. ఇక అతన్ని ఆ సీట్లోంచి లెమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సంత ముగిశాక అందరూ మళ్లీ ఎక్కారు, ఇంకో నలుగుర్ని వెంటేసుకుని. ముందుసీటు లక్ష్మణమ్మది. నాగబాబుకు వెనక మెట్టు దక్కింది. జలపాతం ఊసు ఎవరూ ఎత్తలేదు.

అయిదింటికి ఎర్రన్న జీపును గుమ్మం ముందు ఆపాడు. గణపతిరావు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, తడిమి తడిమి చూశాడు.

"గీత లేదు."

"నే సెప్పలేదా! తాళాలియ్యి నాన్నా," అంటూ మెట్టు మీంచి దూకాడు నాగబాబు. పొద్దున ఏడ్చిన సంగతి అప్పటికే మర్చిపోయాడు.

గణపతిరావు తాళాలు తీశాడు. కొడుకును దాటుకుని వెళ్లి ఎర్రన్న చేతిలో పెట్టాడు.

"ఇదేటి నాన్నా! మాటిచ్చావు కదా?"

"తోలుకొస్తే ఇస్తానన్నాను. తోలుకొచ్చినోడికే ఇచ్చాను. ఎర్రన్నా, రేపు రాయపూర్‌కి లోడుంది. ఎల్తావా?"

"ఎల్తాను బాబూ. క్లీనరుండాలి మరి."

గణపతిరావు కొడుకు వైపు చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఆ లారీ అద్దం తుడిచిన క్లీనరు ఎం.బి.ఏ., ఫస్టు క్లాసు.